కెప్టెన్ తాగిన గుక్కెడు నీళ్ళు

పోయిన వారం మనం తవాహీ రేవులో ఆగిపోయాం. ఏడెన్‌కి నీళ్ళిచ్చే బావుల్ని ఉత్తరం సైన్యం పట్టుకుని పదకొండు రోజులైంది. గాయపడ్డవాళ్ళు నలభై ఒక్కమంది రేవు గోదాము నీడలో వరసగా పడుకుని ఉన్నారు. వాళ్ళని సముద్రం దాటించి జిబూతి చేర్చే పని మా ఆయన అవ్‌సాన్‌కి అప్పజెప్పారు. పదకొండేళ్ళ నౌకాదళ ఉద్యోగంలో అతనికి దక్కిన మొదటి ఓడ అది. నర్సుకి సాయంగా నన్ను కూడా ఎక్కించుకోవడానికి కమాండర్ ముత్లక్ ఒప్పుకున్నాడని అతను వచ్చి చెప్పినప్పుడు నేను ఆసుపత్రి వరండాలోనే గెంతాను. నాలుగింటికి ప్రయాణం. ఇప్పుడు మూడున్నర.

మా పెళ్ళయి పంతొమ్మిది రోజులు. సగం పెళ్ళి షామియానాలో, ఫిరంగులు మొదలయ్యాక మిగతా సగం మేడమెట్ల కింద జరిగింది. ఊరు ఇలా ఉన్నప్పుడు ఇంత సంతోషంగా ఉండటం నాకే సిగ్గనిపిస్తుంది. కాని అతను గడ్డం గీసుకుంటూ ఏదో రష్యన్ పాట కూనిరాగం తీస్తే నాకు సంతోషం. మేజోళ్ళను ఉండచుట్టి బూట్లలో దాచుకుంటే సంతోషం. ఆ పొద్దున ఆఖరి పాలడబ్బా అడుగున మిగిలినదాన్ని ఇద్దరం ఒకే చెంచాతో వంతులేసుకుని నాకాం. దాని తీపి మధ్యాహ్నం దాకా నా పళ్ళ సందుల్లో ఉంది.

రేవంతా కుళ్ళిన చేపల కంపు. మంచు ఫ్యాక్టరీ ఆగిపోయాక జాలర్లు పారబోసిన చేపల గుట్ట జూన్ ఎండకి ఉబ్బి పగిలింది. ఈగలు అక్కడినుంచి లేచి మనుషుల కట్ల మీద వాలుతున్నాయి, మళ్ళీ అక్కడికే పోతున్నాయి. నేను అట్టముక్కతో విసురుతూ వరసల మధ్య తిరుగుతున్నాను.

"కొత్త పెళ్ళికూతురా, మీ ఆయన్ని చూడటం మాని కాస్త ఇటు విసురు," అన్నాడు షుక్రీ. నలభై దాటిన మనిషి, యుద్ధానికి ముందు షేక్ ఒస్మాన్ పేట‌లో లారీ నడిపేవాడు. ఎడమకాలు మోకాలి కింద లేదు.

"నేనేం చూడటంలేదన్నా."

"చూడకపోతే అట్ట నా ముక్కుకెందుకు తగులుతోంది?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నవ్వితే ఒకతనికి పెదవి పగిలి నెత్తురొచ్చింది. తెల్లవారినుంచి మనిషికి అరగ్లాసే ఇవ్వగలిగాం.

"ఇంకో అరగంట ఓర్చుకోండి. ఓడలో ఇరవై పీపాల నీళ్ళున్నాయి," అన్నాను.

ఆ ఇరవై పీపాలు నింపింది నేనే. మూడు రోజులు తవాహీ సందుల్లో ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కో ఇంటివాళ్ళు ఒక సీసా, ఒక చెంబు, ఒక కూజా. ఒక ముసలావిడ నమాజుకు ముందు కాళ్ళూచేతులూ కడుక్కోడానికి దాచుకున్న నీళ్ళు తెచ్చి నా బిందెలో పోసింది. "నాకు మట్టి చాలమ్మా, దేవుడు మట్టితో కూడా ఒప్పుకుంటాడు. ఆ పిల్లలు మట్టి తాగలేరు కదా," అంది. నేను తల రుద్దుకుందామని దాచుకున్న రెండు సీసాలు కూడా అందులోనే పోశాను. అప్పటినుంచీ జుట్టు తాడులా ఉంది. అవ్‌సాన్ ఆ తాడునే ముద్దుపెట్టుకుని, ఓడకి కట్టుకోవచ్చు అన్నాడు.

ఓడ పేరుకి ఒక అంకె ఉంది గాని కళాసీలందరూ దాన్ని 'ఒంటె' అంటారు. అడుగు చదునుగా, వెడల్పుగా ఉంటుంది. ముందు గోడ మొత్తం గొలుసుల మీద కిందికి వాలి ఒడ్డుకి ఆనుతుంది. ట్యాంకులూ లారీలూ నేరుగా లోపలికి ఎక్కేస్తాయి. ఇవాళ ఆ దారినే స్ట్రెచర్లు ఎక్కాలి.

అవ్‌సాన్ ఆ గోడ మీద, ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాంలో నిలబడి ఉన్నాడు. ఎంత బాగున్నాడో రాస్తే మీరు నవ్వుతారు. పద్దెనిమిదేళ్ళకి రష్యన్ల బాకూ రేవుకి వెళ్ళి ఐదేళ్ళు ఓడల చదువు చదివాడు. ఇక్కడ మావాళ్ళు మావాళ్ళనే వీధుల్లో చంపుకున్న ఆ ఎనభై ఆరు జనవరిలో అతను అక్కడ మంచులో ఉన్నాడు. నువ్వు ఎవరి పక్షం అని తోటివాళ్ళు పీక పట్టుకుంటే, "నేను ఓడ పక్షం," అన్నాడట. తిరిగొచ్చేసరికి ఓడలు తుప్పుపట్టి ఉన్నాయి. ఉత్తర, దక్షిణ దేశాలు రెండూ ఒకటైనప్పుడు టోపీ మీద బిళ్ళ మార్చి, యూనిఫాంల గోదాములో కూర్చోబెట్టారు. నాలుగేళ్ళు చొక్కాలూ బూట్లూ పంచాడు. పైవాళ్ళు ఏం చెప్పినా "అలాగే సర్" అన్నాడు. ఆ మాటని నేను ఓర్పు అనుకున్నాను.

మా రేవులో ఒక పద్ధతి ఉంది. చెక్కపడవల కాలంనాటిది, ఇనప ఓడల్లోకి కూడా వచ్చింది. ప్రయాణానికి ముందు ఓడలోని నీళ్ళను కెప్టెన్ మొదట తాగాలి. తాగి, "తీపి" అని అందరికీ వినపడేలా చెప్పి, మిగిలినవి ఓడ ముక్కు మీద పోయాలి. ఆ మాట పడనిదే కళాసీలు తాడు విప్పరు, ఎక్కేవాళ్ళు ఎక్కరు. రెండో గుక్క ఎవరూ అడగరు. అడిగితే కెప్టెన్ మాట నమ్మనట్టు.

ముసలి కళాసీ జుమాన్ రేకు గ్లాసు పట్టుకొచ్చాడు. ముప్పైఎనిమిదేళ్ళ సర్వీసు, తల ముగ్గుబుట్ట. ఇంజను బెల్టు కోసం తెల్లవారుజామునే మఅల్లా పేట వెళ్ళి, అప్పుడే తిరిగొచ్చాడు. డెక్కు మీది కుళాయి తిప్పి గ్లాసు నింపి రెండు చేతులతో అందించాడు.

"తాగు నాయనా. నీ మొదటి గ్లాసు. నా చేత్తో తాగడం నీ అదృష్టం."

"నీ చేతులు కడుక్కున్నావా బాబాయ్?"

"నీళ్ళెక్కడివి?"

కళాసీలు పకపకా నవ్వారు. అవ్‌సాన్ గ్లాసెత్తి ఒక పెద్ద గుక్క తాగాడు. గొంతు కదిలింది. మొహం కదల్లేదు.

"తీపి," అన్నాడు.

నీడలో పడుకున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. చేతుల్లేనివాళ్ళు కేకలేశారు. అవ్‌సాన్ ఓడ ముక్కు వైపు తిరిగి గ్లాసు వంచబోతున్నాడు. అప్పుడు నేను చేసిన పని ఏ ఏడెన్ ఆడదీ చెయ్యదు. అనుమానంతో చెయ్యలేదు. అతను పెదవి పెట్టిన గ్లాసు, అతని మొదటి ఓడ, అందులో నేను మోసుకొచ్చిన నీళ్ళు. పిచ్చి సంతోషం నెత్తికెక్కింది. వాలిన గోడ మీదకి పరిగెత్తి గ్లాసు లాక్కున్నాను.

"నాకో గుక్క."

"నజాత్, వద్దు," అన్నాడు అతను.

ముద్దుగా అన్నాడనుకుని తాగేశాను.

నాలుక మీద ఉప్పు మండింది. వెనకే డీజిలు, దాని వెనక ఏదో జిగురు, రేవు గోడలకి పట్టే పాచి రుచి. కడుపులోంచి పొద్దుటి పాలు పైకొచ్చాయి. కమ్మీ పట్టుకుని సముద్రంలోకి కక్కుకున్నాను. కక్కుతూ అనుకున్నది ఒకటే. ఇదే నీళ్ళు అతను మింగాడు, మొహం కదలకుండా మింగాడు.

తలెత్తేసరికి జుమాన్ గ్లాసులో వేలు ముంచి నాకుతున్నాడు. కుళాయి గొట్టం వెంబడి వంగి నడుచుకుంటూ లోపలికి పోయాడు. నేను వెనకే వెళ్ళాను. గొట్టం పీపాల వైపు పోలేదు. డెక్కు కడిగే సముద్రపు నీటి పంపుకి తగిలించి ఉంది. పీపాలు ఉండాల్సిన చోట, మందుల పెట్టెలని చెప్పి కప్పిన పెద్ద గుడ్డ ఉంది. జుమాన్ దాన్ని ఒక్క గుంజు గుంజాడు.

పదకొండు ఏసీ మిషన్లు. పాలరాతి బల్ల. చుట్టచుట్టిన తివాచీలు. సీసాలతో ఒక అలమారు. వాటన్నిటి మధ్య గడ్డిలో జాగ్రత్తగా పడుకోబెట్టిన గులాబీరంగు స్నానాల తొట్టి. దానికి బంగారు పూత పూసిన కుళాయిలు. తొట్టి నిండా సీసా నీళ్ళ అట్టపెట్టెలు.

ఒక్క పీపా మాత్రం మూలన దొర్లి ఉంది, ఖాళీగా. జుమాన్ దాని మీద చెయ్యివేసి కూలబడ్డాడు.

"మా అక్క కూడా ఒక చెంబు పోసింది బిడ్డా," అన్నాడు. "మూడురోజులుగా స్నానం లేని మనిషి."

అవ్‌సాన్ వచ్చి మా వెనక నిలబడ్డాడు. నేను అతని వైపు తిరగలేదు. తొట్టి కుళాయిల వైపే చూస్తూ అడిగాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం."

"నీళ్ళెవరు పారబోశారు?"

"కమాండర్ మనుషులు. తెల్లవారుజామున."

"నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే. గొట్టం నేనే మార్చాను. లేకపోతే కుళాయి తిప్పగానే అందరికీ తెలిసిపోతుంది కదా."

"పొద్దున నాతో కలిసి చెంచా నాకావు."

"నజాత్, నా మాట విను. పన్నెండుమందిని ఎక్కించుకోనిస్తానన్నాడు. కాదంటే ఓడ ఇంకొకడికి ఇస్తాడు, అప్పుడు ఒక్కడు కూడా ఎక్కడు. సీసా నీళ్ళు పన్నెండుమందికి సరిపోతాయి. మిగతావాళ్ళ కోసం మళ్ళీ వస్తాను."

"మళ్ళీ వస్తావా?"

అతను టోపీ సర్దుకున్నాడు.

"నన్నెందుకు ఎక్కించుకుంటున్నాడు? నర్సుకి సాయమా?"

"అదొక్కటే నేను అడిగాను," అన్నాడు. "నువ్వు ఈ ఊళ్ళో చావకూడదని అడిగాను. అందులో తప్పేముంది?"

అసహ్యం అనే మాట నేను చాలాసార్లు వాడాను, బొద్దింకల గురించీ, మా పినతల్లి పళ్ళసెట్టు గురించీ. ఆ మాటకి అర్థం నాకప్పుడు తెలిసింది. వరండాలో నేను గెంతిన గెంతుకి ఖరీదు ఇరవై పీపాలు. అతన్ని కొట్టాలనిపించలేదు. అతను ముట్టుకున్న చేతుల్ని ఇసకతో తోముకోవాలనిపించింది. అంతకన్నా అసహ్యమైన సంగతి ఇంకొకటుంది, అది కూడా రాసేస్తాను. ఆ క్షణంలో కూడా అతని మెడ వెనక కత్తిరించిన జుట్టు నాకు ముద్దొచ్చింది.

బయట బండి ఆగిన చప్పుడైంది.

కమాండర్ ముత్లక్ మా పెళ్ళికొచ్చినవాడే. అవ్‌సాన్ మెళ్ళో మల్లెదండ వేసి, మెట్ల కింద ఇరుక్కుని కూర్చుని, రెండు పళ్ళేల జుర్బియాన్ పులావు తిని, ఫిరంగుల మోతకి దరువేసినవాడు. నల్లకళ్ళద్దాలు, అత్తరు. ఆ అత్తరు చేపల కంపు మీద పడి, రెండూ కలిసి ఇంకో కొత్త కంపు అయ్యాయి. అతని చొక్కా కాలరు తెల్లగా ఉంది. జుట్టు తడిగా ఉంది. పదకొండు రోజుల్లో తడిజుట్టు చూడటం నాకదే మొదటిసారి.

వెనక నలుగురు తుపాకీవాళ్ళు.

"ఏమ్మా పెళ్ళికూతురా, సముద్రం పడటంలేదా? ఓడ ఇంకా కదలనేలేదే," అన్నాడు, కమ్మీ మీద నేను కక్కిన మరక చూసి. "మంచి వార్తేమో. ఒరేయ్ అవ్‌సాన్, నువ్వు చాలా చురుకైనవాడివిరా."

ఎవరూ నవ్వలేదు. జుమాన్ లేచి నిలబడి గుడ్డ పూర్తిగా లాగేశాడు. వాలిన గోడ మీదినుంచి లోపలిదంతా బయటికి కనిపించింది. స్ట్రెచర్ల మీదివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మోచేతుల మీద లేచి చూశారు. గులాబీ తొట్టి ఎండలో మెరిసింది.

"అది నా సొంతం కాదు," అన్నాడు ముత్లక్ తాపీగా. "ప్రభుత్వ ఆస్తి. శత్రువు చేతిలో పడకూడదు."

"తొట్టితో శత్రువేం చేస్తాడు సర్?" అని నేలమీంచి అడిగాడు షుక్రీ. "మామీద పోస్తాడా?"

"నీ పేరేంట్రా?"

"షుక్రీ. కాలు శత్రువు చేతిలో పడింది. అది కూడా ప్రభుత్వ ఆస్తే కదా, తెప్పించండి."

ఈసారి నవ్వు వరస చివరిదాకా పాకింది. ముత్లక్ కూడా నవ్వాడు. అతను నవ్వినందుకే నాకు భయమేసింది.

"నీళ్ళు పారబోశారు," అన్నాను గట్టిగా, అందరికీ వినపడాలని. "ఇంటింటికీ తిరిగి తెచ్చిన నీళ్ళు. కుళాయిలో వచ్చేది సముద్రం."

గోదాము నీడలో గొణుగుడు మొదలైంది. ఒకడు కర్ర ఊతంతో లేవబోయి పడ్డాడు. తుపాకీవాళ్ళు భుజాలు సర్దుకున్నారు. ముత్లక్ చెయ్యెత్తాడు, పెళ్ళిలో పాటగాడిని ఆపినట్టు.

"కొత్తగా పెళ్ళయిన పిల్ల. మొగుణ్ణి ఎక్కడ పోగొట్టుకుంటానో అని భయం. అందుకే ఏదో అంటోంది. నీళ్ళ సంగతి చెప్పాల్సింది ఎవరు? కెప్టెన్. ఇంతమంది ముందు తాగాడు, తీపి అన్నాడు. మీరంతా విన్నారు. మన రేవులో కెప్టెన్ మాట తర్వాత ఇంకో మాట ఉందా?" అవ్‌సాన్ వైపు తిరిగాడు. "ఏమంటావు కెప్టెన్?"

అవ్‌సాన్ అటెన్షన్‌లో నిలబడ్డాడు. బాకూలో నేర్పింది అదే కాబోలు, ఏం చెయ్యాలో తోచనప్పుడు మడమలు కలపడం.

ముత్లక్ డెక్కు మీద పడి ఉన్న గ్లాసు తీశాడు. తనే కుళాయి తిప్పి నింపాడు. వాలిన గోడ దిగి స్ట్రెచర్ల దగ్గరికి నడిచి, షుక్రీ ముందు గొంతుకూర్చున్నాడు. చాలా ఆప్యాయంగా అతని తల కింద చెయ్యి పెట్టి లేపాడు.

"తాగు తమ్ముడూ. చాలా మాట్లాడావు, గొంతెండిపోయి ఉంటుంది."

షుక్రీ నీళ్ళవైపు చూశాడు. అతని నాలుక తనంత తానే బయటికొచ్చి పెదవులు తడుముకుంది. చుట్టూ నలభైమంది ఆ గ్లాసునే చూస్తున్నారు. ఉప్పని నా నోట విన్నాక కూడా అలా చూస్తున్నారు. దాహం ఏ మాటా వినదు. ఉప్పునీళ్ళు గాయాలవాళ్ళకి ఎంత చేటో నర్సు నాకు మొదటిరోజే చెప్పింది. నేను గోడ దిగి గ్లాసు వైపు కదిలితే ఒక తుపాకీవాడు అడ్డంగా నిలబడ్డాడు.

షుక్రీ గ్లాసు పట్టుకున్నాడు. తాగలేదు. తల పక్కకి తిప్పి ఓడ మీదికి చూశాడు.

"తాగమంటావా కెప్టెన్?" అని అడిగాడు. వెటకారం లేదు. లారీవాడు రోడ్డుమీద ఎదురైనవాణ్ణి దారి అడిగినట్టు అడిగాడు.

"చెప్పు కెప్టెన్," అన్నాడు ముత్లక్. "నీ పెళ్ళాం కూడా వింటోంది. ఓడ ఎక్కాలా వద్దా అని ఆలోచిస్తోంది పాపం. నాలుగు కావస్తోంది."

అవ్‌సాన్ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు, సాయమూ చెయ్యలేదు. కోపంగా ఉంటే సాయం చేసేదాన్నేమో. అతని గొంతు ఇందాకటిలాగే ఒకసారి కదిలింది. ఇందాక మింగింది ఇప్పుడు పైకొస్తున్నట్టు.

"ఉప్పు," అన్నాడు.

ముత్లక్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "గాలి ఎక్కువగా ఉంది. వినపడలేదు."

"ఉప్పునీళ్ళు. తాగొద్దు షుక్రీ. నేను అబద్ధం చెప్పాను." అతను టోపీ తీసి కిందపెట్టాడు, విసిరికొట్టలేదు, పెట్టాడు. "నలభై ఒక్కమందీ ఎక్కుతారు. సామాను దిగుతుంది. తియ్యటి నీళ్ళు లేకుండా ఈ ఓడ కదలదు సర్."

అతను "అలాగే సర్" అనకపోవడం నేను చూడ్డం అదే మొదలు. గుండె గెంతబోయింది. దాన్ని గెంతనివ్వలేదు. ఒక్క మాటతో ఇరవై పీపాలు నిండవు.

షుక్రీ గ్లాసు పక్కకి వంచాడు. నీళ్ళు నేలలో ఇంకుతుంటే నలభైమంది చూస్తూ ఉండిపోయారు. ఒకడు ఏడ్చాడు.

ముత్లక్ లేచి మోకాళ్ళకంటిన దుమ్ము దులుపుకున్నాడు. అతని మొహంలో కోపమేమీ లేదు. ఉంటే బాగుండును. వడ్డించిన పళ్ళెంలో ఈగ కనిపిస్తే పక్కకి తోసేసి ఇంకోటి తెమ్మనే మొహం అది. రెండు వేళ్ళు ఊపాడు. ఇద్దరు తుపాకీవాళ్ళు ఎక్కి అవ్‌సాన్ రెండు మోచేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నారు. తెల్లచొక్కా భుజం దగ్గర చిరిగింది.

"ఈ ఓడకి కెప్టెన్ లేడు," అన్నాడు ముత్లక్ కళాసీల వైపు తిరిగి. "జిబూతి దాకా దారి తెలిసినవాడు మీలో ఎవడైనా ఉన్నాడా? కుటుంబంతో సహా ఎక్కొచ్చు. సీసా నీళ్ళు కావలసినన్ని."

ఏడుగురు కళాసీలు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకడు నేలమీద ఉమ్మాడు. ఉమ్మడానికి కూడా నోట్లో తడి లేక చప్పుడే వచ్చింది. ఎవరూ కదలరని నాకు నమ్మకం కుదిరింది. ముత్లక్ అలా నిలబడి చూస్తూ ఉంటాడు, పొద్దు వాలుతుంది, ఏదో ఒకటి అవుతుంది అనుకున్నాను.

"నాకు తెలుసు," అని వినిపించింది లోపల్నించి.

జుమాన్ ఖాళీ పీపా పక్కనుంచి నడుచుకుంటూ వచ్చాడు. వంగి అవ్‌సాన్ టోపీ తీసుకుని, దుమ్ము ఊది, తన తెల్లజుట్టు మీద పెట్టుకున్నాడు. అది అతనికి కాస్త వదులుగా ఉంది.

"ముప్పైఎనిమిదేళ్ళుగా కళ్ళు మూసుకుని వెళ్ళొస్తున్న దారి సర్," అన్నాడు. "మా అక్కని తెచ్చుకోవచ్చా?"

"ఇద్దరు అక్కల్ని తెచ్చుకో," అన్నాడు ముత్లక్, తన బండివాడికి సైగ చేస్తూ.

"బాబాయ్," అన్నాను.

అతను నా వైపు చూడలేదు. అవ్‌సాన్ వైపూ చూడలేదు. ఒక్క స్ట్రెచరూ ఎక్కకుండానే గొలుసుల దగ్గరున్న కళాసీలకి చెయ్యి ఊపాడు.

"గోడ ఎత్తండిరా," అన్నాడు.